నీలం చుక్క

లైబ్రరీ కౌంటర్,
మార్చి 6

వదినకు,

చేరాను. బస్సులో పక్కసీటావిడ దారి పొడుగునా నా భుజం మీదే నిద్రపోయింది. అది తప్ప ప్రయాణం సుఖంగానే జరిగింది.

ఈ నాలుగు ముక్కలూ ఫోన్లోనే పంపొచ్చు కదా అంటావు. ఎలా పంపను? ఆ పాత చాటింగ్ యాప్‌లోంచి నేను బయటికొచ్చేశాను. నేను చెప్పిన కొత్తదాన్ని నువ్వు పెట్టుకోనన్నావు. ఫోన్ చేస్తే 'ఆ', 'ఊ' తప్ప నీ నోట్లోంచి మాట రాదు. కనక మనిద్దరికీ ఇక ఉత్తరాలే గతి. నాకైతే ఇదే బాగుంది. కవరు అంటించాక మధ్యలో ఎవడూ చదవడు.

మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో నేను చేసిన ఘనకార్యం ఒక్కటే, అన్నయ్య ఫోన్ శుభ్రం చేయడం. ఏమేం మార్చానో రాస్తున్నాను, తర్వాత కంగారుపడకు. ఇప్పుడు ఏదైనా వెతికితే, మనం ఏం వెతికామో రాసిపెట్టుకోని చోట వెతుకుతుంది. మెయిల్‌ని మన ఉత్తరాలు తెరిచి చూడని ఒక చిన్న కంపెనీకి మార్చాను. కొత్త మ్యాపు మనం ఎక్కడున్నామో ఎవరికీ చేరవేయదు. ఆ పెద్ద కంపెనీలో ఉన్న ఖాతా మూసేశాను. మూసేముందు లోపలికెళ్ళి చూస్తే ఏముందనుకున్నావు? పదకొండేళ్ళుగా అన్నయ్య ఏ వీధిలో, ఏ పూట, ఎంతసేపు నిలబడ్డాడో అంతా ఉంది! కన్నతల్లి కూడా అంత కనిపెట్టి ఉండదు. మొత్తం తుడిచేశాను.

ఇంకో తమాషా. ఆ ఫోన్లో వచ్చే ప్రకటనలు చూశావా? జ్ఞాపకశక్తి మాత్రలు. బయటినుంచి వేసుకునే తలుపు గడియలు. పేరూ అడ్రసూ చెక్కిన చేతి గొలుసులు. నలభై ఏళ్ళకు పైగా ఆ ఊరి దుకాణాల బోర్డులన్నీ రాసి, ఏ బోర్డుకి ఏ రంగు వేశాడో నిద్రలో లేపినా చెప్పే మనిషికి జ్ఞాపకశక్తి మాత్రలట! పడీపడీ నవ్వాను. ఇంత వెంటాడి చివరికి వీళ్ళు కనిపెట్టింది ఇదా అన్నాను. అన్నయ్య కూడా నవ్వాడు. నువ్వు మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయావు. నా ఉపన్యాసం మరీ ఎక్కువైందేమో.

ఏం చేయను? మా లైబ్రరీలో ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో కట్టుకున్న భార్య వచ్చి అడిగినా చెప్పం. పాతికేళ్ళు ఆ నియమంతో పనిచేసినదాన్ని. సొంత అన్న తిరుగుడంతా ఎవడో రాసుకుంటుంటే ఊరుకోగలనా?

నీ ఆడపడుచు


కళ్ళజోళ్ళ దుకాణం,
మార్చి 17

డబ్బాకు,

యాభై రెండేళ్ళ మనిషిని, పైగా లైబ్రేరియన్‌ని డబ్బా అనకూడదని ఎప్పుడూ అనుకుంటాను. కానీ చిన్నప్పుడు మీ అన్నయ్య వెనకాల రంగుడబ్బా పట్టుకు తిరిగినందుకు ఆయన పెట్టిన పేరు. ఆయన నోట్లోంచి నా నోట్లోకి వచ్చేసింది. సర్దుకుపో.

నోట్లో నువ్వుగింజ నానని నువ్వు మాకు గుట్టు గురించి పాఠం చెప్పి వెళ్ళావు. మా దుకాణంలో చెప్తే అందరూ నవ్వారు. మా యజమాని మాత్రం ఆ వెతికేదాని పేరేమిటని అడిగి తన ఫోన్లో పెట్టుకున్నాడు. కాబట్టి నీ ప్రచారానికి ఒక శిష్యుడు దొరికాడు.

ఇక్కడ అంతా మామూలే. కొత్త ఫ్రేములొచ్చాయి, వాటి స్క్రూలు నా కంటికే కనబడటం లేదు. కళ్ళజోళ్ళు బిగించే మనిషికి కళ్ళజోడు కావాల్సొచ్చింది.

ఒక చిన్న సంగతి. నా ఫోన్లో మ్యాపు తెరిస్తే మీ అన్నయ్య ఎక్కడుంటే అక్కడ ఒక నీలం చుక్క కనబడేది. నువ్వు వెళ్ళినప్పట్నించీ అది లేదు. నేను దుకాణంలో ఉన్నప్పుడు మధ్యమధ్యలో చూసుకునేదాన్ని. ఊరికే, అలవాటు. దాన్ని మళ్ళీ తెప్పించడం ఎలాగో రాస్తావా? తొందరేం లేదు. కానీ ఈ వారంలో రాస్తే బాగుంటుంది.

వదిన


లైబ్రరీ కౌంటర్,
మార్చి 24

వదినా,

ముప్పై మూడేళ్ళ కాపురం అయ్యాక ఇప్పుడా మొగుడి మీద నిఘా? అనుమానం పెనుభూతం అన్నారు. అరవయ్యొకటో ఏట మా అన్నయ్య నీ కళ్ళుగప్పి ఎక్కడికి పోతాడు, టీకొట్టుకా? నీ ఉత్తరం సంగతి నేను ఎవరితోనూ చెప్పను, నియమం నియమమే.

హాస్యానికి అన్నాను. కానీ నిజంగా ఆలోచించు. ఆ చుక్కని నీకంటే ముందు చూసేది ఆ కంపెనీ. నీకు చుక్క చూపించి, చుక్క ఎక్కడెక్కడ ఆగిందో వాళ్ళు రాసుకుంటారు. దాన్ని మళ్ళీ తెప్పించడమంటే ఖాతా మళ్ళీ తెరవడమే. అది నావల్ల కాదు. నన్ను అడక్కు.

మరో దారి ఉంది. ఇద్దరి మధ్యే ఉండే చిన్న యాప్ ఒకటుంది. నీ ఫోనూ అన్నయ్య ఫోనూ తప్ప ఇంకెవరూ ఆ చుక్కని చూడలేరు, ఆ యాప్ తయారుచేసినవాళ్ళు కూడా. మా లైబ్రరీ వాళ్ళకి ఫోన్ల గుట్టు గురించి పెట్టిన క్లాసులో చూపించారు. అది పెట్టడం పది నిమిషాల పని. కానీ ఒక షరతు. ఎందుకు కావాలో చెప్పు. కారణం చెప్తే పెడతాను. 'ఊరికే, అలవాటు' అంటే పెట్టను. ఊరికే, అలవాటు అనే కదా మనందరం ఈ ఊబిలోకి దిగింది!

అన్నయ్యని అడిగానని చెప్పు. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే రెండు నిమిషాలు మాట్లాడి నీకిచ్చేశాడు.

నీ ఆడపడుచు


కళ్ళజోళ్ళ దుకాణం,
ఏప్రిల్ 4

డబ్బాకు,

వద్దులే. చుక్క లేకుండా ఇన్నేళ్ళు బతికాం, ఇప్పుడూ బతుకుతాం.

మీ అన్నయ్య తోచక వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాస్తున్నారు. ఉప్పు, పంచదార, టీపొడి, అన్నిటి మీదా. స్నానాలగది తలుపు మీద కూడా రాశారు. అక్షరాలు బాగున్నాయి. చేతిలో పని పోలేదు.

దుకాణంలో రద్దీగా ఉంది. ఉంటాను.

వదిన


లైబ్రరీ కౌంటర్,
ఏప్రిల్ 20

వదినా,

నీ ఉత్తరం తొమ్మిది వాక్యాలు. లెక్కపెట్టాలనిపించేంత పొట్టిగా ఉంది. నీకు కోపం వచ్చిందని నాకు తెలుస్తుంది. నిఘా అనడం తప్పే. కారణం చెప్పమని షరతు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ గుట్టుకు కాపలా కాసే నేను నిన్ను కారణం అడగడమేమిటి? నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నించీ దాని గురించే ఆలోచిస్తున్నాను. ఆ యాప్ ఎలా పెట్టుకోవాలో మొదటినుంచి చివరిదాకా బొమ్మలతో సహా రాసి, ఆ కాగితాలన్నీ ఇందులో పెట్టాను. అందుకే కవరు ఇంత లావు. కారణం నీ దగ్గరే ఉంచుకో.

డబ్బాల మీద పేర్లు రాస్తున్నాడంటే భలే సంతోషమేసింది. అన్నయ్య రాసిన మొదటి బోర్డు సంగతి నీకెప్పుడైనా చెప్పాడా? చెప్పి ఉండడు, సిగ్గు. అప్పుడు వాడికి పదిహేడు, నాకు ఎనిమిది. మూతపడ్డ నూలుమిల్లు వెనకాల సందులో ఒక బేకరీ ఉండేది. దానికి ఎర్రక్షరాలు రాసి, పక్కన నల్లగా షేడ్ వేస్తున్నాడు. నేను కింద డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఆఖరి అక్షరం దగ్గరికొచ్చేసరికి వాన. నిచ్చెన దిగిపోయాం. బేకరీ యజమాని ఇది చాలు, బాగుంది అన్నాడు. ఆ ఆఖరి అక్షరానికి షేడ్ లేకుండానే ఉండిపోయింది. పెళ్ళికి ముందు ఎన్నిసార్లు అనేవాడో, "ఒరేయ్ డబ్బా, ఆ షేడ్ వేసి రావాల్రా" అని. ఇప్పటికీ అదే వాడి మనసులో ఉంటుందని నా నమ్మకం. ఒకసారి కదిపి చూడు, ఎంత సిగ్గుపడతాడో!

కోపం పోయిందని ఒక్క ముక్క రాయి.

నీ ఆడపడుచు


ఆసుపత్రి వరండా,
మే 3

డబ్బాకు,

మొన్న ఫోన్లో మీ అన్నయ్య జారిపడ్డారని, తుంటి ఎముక విరిగిందని, కంగారుపడి రావద్దని చెప్పాను. అబద్ధం కాదు, కానీ నిజం మొత్తం కాదు. మాది రెండు గదుల ఇల్లు. ఫోన్లో ఏం మాట్లాడినా ఆయనకు వినబడుతుంది. అందుకే ఇన్నాళ్ళూ 'ఆ', 'ఊ' అన్నాను. ఇప్పుడు ఆయన మందుల మత్తులో ఉన్నారు. రాస్తాను.

మీ అన్నయ్యకు మతిమరుపు జబ్బు. ఏడాదిన్నర అయింది. మొదట రంగుల పేర్లు పోయాయి, తర్వాత దారులు. డాక్టరు ఇది తగ్గేది కాదన్నాడు. ఆ రోజు బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఆయన నాతో ఒట్టు వేయించుకున్నారు. "ఎవరికైనా చెప్పు, డబ్బాకి మాత్రం చెప్పకు. దాని కళ్ళముందు నేను చిన్నబోలేను" అన్నారు. అన్నంత పనీ చేశారు. నువ్వొచ్చిన నాలుగు రోజులూ ప్రతి మాటా ఆచితూచి మాట్లాడి, సాయంత్రానికి అలిసి పడిపోయేవారు. నువ్వు మాత్రం పని లేక బద్ధకించాడన్నావు.

ఆ ప్రకటనలు ఊరికే రాలేదు. మాత్రల గురించీ గడియల గురించీ వెతికింది నేనే, ఆయన ఫోన్లో. నా ఫోన్ పాతది, నెమ్మది. నువ్వు నవ్వుతుంటే నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

నువ్వు ఖాతా మూస్తానన్నప్పుడు నేను అడ్డుపడి ఉండాల్సింది. రెండుసార్లు నోరు తెరిచాను కూడా. ఆయనే కళ్ళతో వద్దన్నారు. నువ్వు పడుకున్నాక నాతో ఏమన్నారో తెలుసా? "డబ్బా చెప్పింది నిజమే. నేనెక్కడెక్కడ తప్పిపోతున్నానో ఎవడో రాసుకోవడం నాకూ ఇష్టం లేదు, పోనీ తుడిచేయనీ" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇక పోయిన మంగళవారం సంగతి. నేను దుకాణానికి వెళ్ళాక ఆయన తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. ఇంటికి పరిగెత్తాను. సాయంత్రం నాలుగింటికి ఆ ఫోన్ మోగడం కూడా మానేసింది. ఆయన రోజూ తిరిగే వీధులన్నీ తిరిగాను. టీకొట్టు, పార్కు, ఆయన బోర్డులు రాసిన పాత షెడ్డు. పోలీసులు రాసుకున్నారు. వాన మొదలైంది. నా ఫోన్లో మ్యాపు తెరిచి, చుక్క లేదని తెలిసి కూడా, ఎన్నిసార్లు చూశానో. ఆ పూట నిన్ను తిట్టుకున్నాను. నీకు ఫోన్ చేయాలని తోచింది. అంత దూరాన ఉన్నదానివి నువ్వేం చేస్తావులే అనుకున్నాను. ఒట్టు ఒకటి. పంతం ఒకటి.

బుధవారం పొద్దున వీధులు ఊడ్చే ఆవిడ చూసింది. చొక్కా లోపల నేను కుట్టిన నంబరు చదివి ఫోన్ చేసింది. మూతపడ్డ మిల్లు వెనకాల సందులో, షట్టరు దింపిన ఒక కొట్టు ముందు పడి ఉన్నారు. పక్కన విరిగిపోయిన చెక్కపెట్టె, నల్లరంగు డబ్బా, బ్రష్షు. రాత్రంతా వానలో ఉన్నారు. తుంటి విరిగింది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది.

ఆయన అక్కడికెందుకు వెళ్ళారో నాకు అర్థం కాలేదు. శుక్రవారం ఆయన బట్టల కోసం ఇంటికెళ్ళాను. అలమరలో నీ కవరు కనబడింది. ఆయన తప్పిపోవడానికి నాలుగు రోజుల ముందే వచ్చింది. లావుగా ఉంటే మళ్ళీ ఏదో ఉపన్యాసం పంపావనుకుని, కోపంతో విప్పకుండా పడేశాను. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టు, ఆ సందు పేరు నా అలమరలో పెట్టుకుని నేను ఊరంతా తిరిగాను, డబ్బా. చుక్క తెప్పించే కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి.

ఆ సందుకి వెళ్ళి చూశాను. బోర్డు ఇంకా ఉంది, ఎరుపు వెలిసిపోయింది. ఆఖరి అక్షరం పక్కన కొత్త నల్లగీత ఒకటి ఉంది. వంకరగా, సగం.

ఆయన బతుకుతారంటున్నారు. నడవరట.

వదిన


ఇల్లు,
మే 9

వదినా,

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. నేను వచ్చాక మన ఇద్దరం ఇవన్నీ మాట్లాడుకోలేం, పక్కనే అన్నయ్య ఉంటాడు. అందుకే ముందే రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లైబ్రరీకి సెలవు పెట్టాను. కౌంటర్లో కూర్చుని ఎవరి మొహమూ చూడలేను.

నేను నవ్వాను, వదినా. వాడి ఎదురుగా కూర్చుని వాడి జబ్బు మీద నవ్వాను. వాడు నాతో కలిసి నవ్వాడు. నాలుగు రోజుల్లో మూడుసార్లు నా బస్సు ఎన్నింటికని అడిగాడు. నన్ను తొందరగా పంపించేయాలని చూస్తున్నావా అని వేళాకోళం చేశాను. వాడి ఫోన్లో పదకొండేళ్ళ తిరుగుడు వరసగా చూశాను. ఆఖరి ఏడాదిలో ఒకే వీధిలో గంటలకొద్దీ నిలబడి ఉన్నాడు. అది కూడా నా కళ్ళబడింది. 'పాపం ఎవడో కబుర్లలో పెట్టి ఉంటాడు' అనుకుని తుడిచేశాను.

ఆ కంపెనీకి తెలిసింది. జాలితో కాదు, గడియలు అమ్ముకోవడానికి. అయినా తెలిసింది. నేను ఫోన్ చూశాను గానీ అన్నయ్యని చూడలేదు. ఇప్పటికీ వాళ్ళ దగ్గర్నించి బయటికి రావడం తప్పని నేను అనను. వాడే ఇష్టంలేదన్నాడని రాశావు, అది చదివి నాకు కొంచెం ఊపిరి వచ్చింది. కానీ ఒక పాత తలుపు మూసేటప్పుడు దాని వెనక ఎవరున్నారో అడగాలి కదా. నేను అడగలేదు. అడిగింది కూడా పెత్తనంగా అడిగాను, కారణం చెప్తేనే ఇస్తానని.

నీమీద కోపం లేదంటే అబద్ధం. ఉంది. మంగళవారం మధ్యాహ్నం నాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే, నల్లరంగు డబ్బా ఉందా లేదా చూడమనేదాన్ని. డబ్బా కనబడటం లేదని నువ్వంటే ఆ సందు చెప్పేదాన్ని. వాన పడకముందే ఇంటికొచ్చేవాడు. ఈ మాట రాయకూడదనుకున్నాను, రాయకపోతే నీ ఎదుట నిలబడలేను. నీ కోపం కూడా నువ్వు చెప్పు.

ఆ యాప్ నేనే వచ్చి పెడతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా పెడతాను.

నీ ఆడపడుచు


కళ్ళజోళ్ళ దుకాణం,
ఆగస్టు 12

డబ్బాకు,

నువ్వు వెళ్ళి రెండు నెలలవుతోంది. ఇంతకాలం రాయలేదని ఏమీ అనుకోకు. రాయాలంటే నువ్వు వెళ్ళిన రోజు సంగతి రాయాలి, అందుకే వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ రోజు ఆయన నిన్ను చూసి ఫోన్ దిండు కింద దాచుకుని, "ఆవిడకివ్వకు, అంతా తుడిచేస్తుంది" అన్నారు కదా. నువ్వు వరండాలోకి వెళ్ళి ఎంత ఏడ్చావో నాకు తెలుసు. నీకు ధైర్యం చెప్పాల్సిందాన్ని, వెళ్ళి బట్టలు ఉతికాను. నాలోనూ కొంచెం కోపం మిగిలి ఉంది అప్పటికి. ఇప్పుడు లేదు. వెతికితే కనబడటం లేదు. తప్పు నీది ఎంత, నాది ఎంత అని ఎన్నోసార్లు తూకం వేశాను, ముల్లు ఎటూ మొగ్గదు.

నువ్వు పెట్టిన యాప్ బాగా పనిచేస్తోంది. మ్యాపు తెరవగానే నీలం చుక్క వస్తుంది. నీ ఫోన్ కూడా కలిపి మన మూడు ఫోన్లకి తప్ప ఎవరికీ కనబడదన్నావు, నమ్ముతాను. చుక్క మాత్రం కదలదు. ఎప్పుడు చూసినా ఇంటి మీదే, కిటికీ పక్క మంచం ఉన్నచోటే ఉంటుంది. అది తెలిసి కూడా ఫ్రేముకి ఫ్రేముకి మధ్య తెరిచి చూస్తాను. ఒకప్పుడు అది వీధి చివరిదాకా వెళ్తే గుండె గుభేలుమనేది. ఇప్పుడు ఒక్క అడుగు అటు జరిగితే బాగుండునని చూస్తున్నాను.

నువ్వు కూడా చూస్తున్నావా?

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం భోజనం తినిపిస్తుంటే ఆయన ఒక్కసారి నా చెయ్యి పట్టుకుని ఆపారు. కళ్ళు తేటగా ఉన్నాయి, పాత మీ అన్నయ్య కళ్ళు. మెల్లగా, తలుపు వైపు చూసి మరీ అడిగారు. "నాకీ జబ్బని డబ్బాకి చెప్పలేదు కదా?"

అన్నీ పోయాయి, డబ్బా. రంగులు, దారులు, నా పేరు. నీ మొహం కూడా. ఆ ఒట్టు మాత్రం పోలేదు.

చెప్పలేదన్నాను. "మంచిపని చేశావు" అని మళ్ళీ నోరు తెరిచారు, ముద్ద పెట్టాను.

వచ్చే నెల నువ్వొస్తానన్నావు. రా. ఆయన నిన్ను గుర్తుపట్టకపోవచ్చు, ఫోన్ దాచుకోవచ్చు. ఒకవేళ ఆ కాసేపు కళ్ళు తేటగా ఉంటే మాత్రం, నువ్వు ఎప్పట్లాగే వేళాకోళం చేయాలి. ఏమిటన్నయ్యా మంచం దిగవు, ఇంత బద్ధకమా అనాలి. నీకేమీ తెలియదు. గుర్తుపెట్టుకో.

వదిన